రెండు వైపులా గెలిచే వ్యాసం

గుంటూరు బ్రాడీపేటలో ఏ ట్యూషను గదిలోకి వెళ్లి ‘అంతర్జాలం ద్వారా విద్య – లాభనష్టాలు’ అనే వ్యాసం అడిగినా పిల్లలు గైడులో ఉన్నది ఉన్నట్టు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ముగింపు అని నాలుగు ఉపశీర్షికలుంటాయి, వాటి కింద నల్ల స్కెచ్చు పెన్నుతో గీతలుంటాయి. లాభాలు ఐదైతే నష్టాలూ ఐదే. చివరికి అంతర్జాలం రెండంచుల కత్తి అని తేల్చి, మంచికే వాడుకోవాలన్న హితవుతో వ్యాసం గట్టెక్కుతుంది. ఇంత నిర్దోషమైన రచనను కొందరు అసలు వాదమే కాదంటున్నారు గనుక, దాని పక్షాన నాలుగు మాటలు చెప్పవలసిన బాధ్యత నా మీద పడింది.

వాదం నేర్పితే ఏమవుతుందో చూపడానికి ఒక ఉపాధ్యాయ మిత్రుడు దిద్దిన పదో తరగతి జవాబు పత్రమే చాలు. ఆ అమ్మాయి ఉపోద్ఘాతమైనా లేకుండా నేరుగా ఫిజిక్సులో కటకాల (లెన్సుల) పాఠంలోకి దిగింది. తరగతిలో అర్థంకాని సంజ్ఞా సాంప్రదాయాన్ని, అంటే ఏ దూరానికి ధన గుర్తో దేనికి రుణ గుర్తో చెప్పే నియమాన్ని, వీడియో ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ మళ్లీ విని నేర్చుకున్నానని రాసింది. అయితే కుంభాకార కటకానికి నాభ్యంతరం (కటకం నుంచి నాభికి ఉండే దూరం) ధనాత్మకమే ఎందుకు కావాలన్న సందేహం వచ్చినప్పుడు, ఎన్నిసార్లు వెనక్కి జరిపినా వీడియో ఆ పాత వాక్యమే చెప్పిందట. కాబట్టి పాఠం ఇంట్లో వినాలి, బడి సమయమంతా ప్రశ్నలకే కేటాయించాలి అని తీర్మానించింది. అక్కడితో ఊరుకోక, ‘మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది పొద్దున్నే నాన్నతో మిర్చి యార్డుకు వెళ్లిపోతుంది, కాబట్టి నా పద్ధతి మా వీధిలో అందరికీ కుదరదనేవారి మాట నిజమే’ అని ఎదుటి పక్షం బలాన్ని తానే ఒప్పుకుని, అందుకు విరుగుడుగా సాయంత్రం బడిలోనే వీడియోలు చూపించమని కోరింది. దీనికి ఎర్ర సిరాతో పడిన తీర్పు: ‘పాయింట్లు లేవు. సైడ్ హెడ్డింగులు ఏవీ?’ ఎనిమిదికి మూడు మార్కులు.

తీర్పు సబబే. పిల్ల చెప్పినదానితో ఏకీభవించాలో వద్దో తేల్చుకోవడానికి దిద్దేవారు కాసేపు ఆలోచించవలసి వస్తుంది, కట్టల కొద్దీ పత్రాలు ఎదురుచూస్తుండగా అంత విలాసం ఎవరికి సాధ్యం?

ఇలా వాదించే దురలవాటుకు మన ప్రాంతంలో మూలాలు లేకపోలేదు. నిన్నమొన్నటి దాకా మన జిల్లాలోనే ఉండి, 2022లో పల్నాడు జిల్లాకు వెళ్లిన నాగార్జునకొండతో ఏ బౌద్ధ ఆచార్యుడి పేరును ముడిపెట్టి చెప్పుకుంటామో, ఆ నాగార్జునుడు ‘విగ్రహవ్యావర్తని’ అనే వాదగ్రంథంలో డెబ్బై కారికలు (శ్లోకాలు) రాసి, అందులో మొదటి ఇరవై ఎదుటివారి ఆక్షేపణలకే వదిలేశాడు. తనకంటూ నిలబెట్టవలసిన ప్రతిజ్ఞ, అంటే ప్రతిపాదన, ఏదీ లేదని కూడా అందులోనే అన్నాడు గనుక, గైడు రచయితలు ఆయనను తమవాడిగా చెప్పుకోవచ్చుననుకున్నాను. కానీ ఆ ఒక్క మాటను కూడా ఆయన ఊరికే అనలేదు, దానికి కారణాలు చూపించాడు. అక్కడే మార్కులు పోయాయి.

ఆధారాల విషయంలోనూ గైడు జాగ్రత్త మెచ్చదగినది. ‘నేడు ఎన్నో వెబ్‌సైట్లు కలవు’ అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అలా కాక, ఐఐటీల పాఠాలను అందరికీ అందించే ఎన్‌పీటీఈఎల్ 2003లో మొదలైందనీ, 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’లో పాఠాలు ఉచితమే గాని ధ్రువపత్రం కోసం రాసే పరీక్షకు రుసుము కట్టాలనీ ఒక విద్యార్థి రాశాడనుకోండి, ఉచితంగా దొరికేది చదువా, ధ్రువపత్రమా, ఉద్యోగమిచ్చేవాడు అడిగేది వీటిలో ఏది అనే అనవసర ప్రశ్నలు పుట్టుకొస్తాయి. అదీగాక, 2020 మార్చిలో బడులు మూతబడ్డాక నెలల తరబడి పాఠాలు ఫోనులోనే విన్నవారు ఈ పిల్లలే, వారిని అనుభవం రాయమంటే ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. అప్పుడు మూల్యాంకన సూత్రం ఎలా తయారుచేస్తారు?

ఈ మధ్య పిల్లలు వ్యాసాలను కృత్రిమ మేధ చేత రాయిస్తున్నారని ఉపాధ్యాయులు గగ్గోలు పెడుతున్నారు. నేను అడిగి చూస్తే అది ఉపోద్ఘాతం, ఐదు లాభాలు, ఐదు నష్టాలు, సమతుల్యమైన ముగింపు క్షణాల్లో ఇచ్చింది, రెండంచుల కత్తిని కూడా మరువలేదు. మన గైడులు ఇన్నేళ్లుగా పడిన శ్రమ వృథా పోలేదని సంతోషించాను. ఇక దిద్దే పని కూడా దానికే అప్పగిస్తే, రాసినదీ దిద్దినదీ ఒక్కటే గనుక పునర్మూల్యాంకనం దరఖాస్తుల బెడద ఉండదు. అప్పుడు మిగిలే తెలుగు పీరియడును ఏం చేయాలన్న చింత కూడా అక్కర్లేదు, దానిని ఫిజిక్సు మాస్టారు చాలాకాలంగా వాడుకుంటూనే ఉన్నారు.