శవాలకూ మంచి పాట కావాలి

హాలీవుడ్ గ్యాంగ్‌స్టర్లకు దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ చేసిన సేవను సినీ పండితులు ఇంకా సరిగ్గా గుర్తించలేదు. ఆయన రాకముందు పాపం వాళ్లు ఉత్త వయొలిన్ల మధ్య చచ్చిపోయేవారు. ఇప్పుడు హిట్ పాటలు వింటూ పోతున్నారు.

'గుడ్‌ఫెల్లాస్' (1990) చూడండి. గులాబీ రంగు కాడిలాక్ కారులో ఒక జంట శవాలు. చెత్త లారీలోంచి మరికొన్ని. మాంసం లారీలో వేలాడుతున్న ఇంకొకాయన ఎంతగా గడ్డకట్టాడంటే, పోస్ట్‌మార్టం చేయాలంటే రెండు రోజులు కరగబెట్టాల్సి వచ్చిందట. వెనక 'లైలా' అనే ఇంగ్లిష్ రాక్ పాట చివరి పియానో హాయిగా సాగుతుంటుంది. షూటింగ్‌లోనే ఆ పియానో వినిపిస్తూ, దాని నడకను బట్టి కెమెరాను కదిపారు. నటులకు రిహార్సల్ సంగతేమో గానీ, శవాలకు మాత్రం తాళజ్ఞానం తప్పనిసరి.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాడాయన. కథ ఏ ఏడాదిలో నడుస్తోందో, అప్పటికి వచ్చిన పాటలే వాడాలి. హత్యలో చట్టం పాటించకపోయినా ఫర్వాలేదు, పాటలో క్యాలెండర్ తప్పకూడదు! ఆ సినిమాకు విడిగా సంగీత దర్శకుడే లేడు. డబ్బు మిగిలిందనుకునేరు. పాత పాట వాడాలంటే రాసినవాళ్ల హక్కులు చూసే పబ్లిషర్ ఒకరు, రికార్డింగ్ సొంతదారు ఇంకొకరు, ఇద్దరూ ఒప్పుకోవాలి. మనిషిని లేపేయడానికి బాస్ ఒక్కడు ఊఁ అంటే చాలు.

ఆయన్ని చూసి బయల్దేరిన దర్శకుల సంగతి వేరు. ఆడలేనివాడు మద్దెల ఓడు అనడం పాత పద్ధతి. వీళ్లు మద్దెల బ్రహ్మాండంగా ఉంది కదా, ఆట చూడకండి అంటారు. సీన్ తీసేశాక అందులో ప్రాణం లేదని ఎడిటింగ్‌లో తెలుస్తుంది. వెంటనే అందరికీ నోటికొచ్చిన పాటొకటి తెచ్చి పైన కప్పుతారు. ప్రేక్షకుడు కాలేజీ రోజులు తలచుకుని కళ్లు తుడుచుకుంటే, ఆ కన్నీళ్లు తమ ఖాతాలో వేసుకుంటారు.

అలాగని స్కోర్సెసీని పూర్తిగా వదిలేయలేం. రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండ్ 1969 పాట 'గిమ్మీ షెల్టర్'ను 'గుడ్‌ఫెల్లాస్'లో వాడాడు, 'క్యాసినో'లో వాడాడు, 'ది డిపార్టెడ్'లోనూ వాడాడు. చివరికి 2008లో ఆ బ్యాండ్ కచేరీ మీదే 'షైన్ ఎ లైట్' అని సినిమా విడుదల చేశాడు. పాడినవాళ్లే ఎదురుగా ఉన్నారు. కానీ సినిమాలో ఆ పాట లేదు. ఎలా ఉంటుంది? అందులో ఒక్కడు కూడా చావలేదాయె.