ముఖం చూసి బొట్టు

హైదరాబాద్ మాదాపూర్‌లో యూట్యూబ్ వీడియోలతో పేరుకెక్కిన కుమారి ఆంటీ భోజనం బండిని ట్రాఫిక్ పోలీసులు 2024 జనవరి 30, మంగళవారం మూయించారు, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి బుధవారం తెరిపించారు. పాత చోటనే ఆమెను వ్యాపారం చేసుకోనివ్వాలంటూ ఆదేశం నేరుగా డీజీపీకే వెళ్లింది. ఒక కుటుంబం పొట్ట కొట్టకుండా ఆగినందుకు మాకూ సంతోషమే. కానీ అన్నం, కోడికూర అమ్ముకునే ఒక బండి సంగతి తేలడానికి రాష్ట్ర పోలీసు బాస్ దాకా పోవలసి వచ్చిందంటే, ఆ సంతోషం ఎంతోసేపు నిలిచేది కాదు.

మధ్యాహ్నం వేళ ఆ బండి ముందు జనం రోడ్డు మీదికి వస్తున్నారని, యూట్యూబ్ కెమెరాల తాకిడితో వాహనాలు కదలడం లేదని పోలీసులు చెప్పిన మాటలో నిజం లేకపోలేదు. ఆ నిజానికి విరుగుడు బండి ఎత్తివేయడం కాదు. ఎత్తివేసిన బండిని ముఖ్యమంత్రి మాట మీద మళ్లీ నిలబెట్టడం అంతకన్నా కాదు.

ఈ దేశంలో వీధి విక్రయదారులకు ఒక చట్టం ఉంది. 2014 మే 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం విక్రయదారుల సర్వే పూర్తయి, వారికి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ వారి చోటు నుంచి కదపరాదు. కదపవలసి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అంతకుముందే, 1989లోనే, వీధిలో వ్యాపారం చేసుకోవడం సహేతుకమైన ఆంక్షలకు లోబడి పౌరుల ప్రాథమిక హక్కని సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత స్పష్టంగా హక్కు ఉన్న చోట ముఖ్యమంత్రి అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. నోటీసు ఇచ్చారా? ఆ ప్రాంతంలో సర్వే జరిగిందా? ప్రత్యామ్నాయంగా ఎక్కడ చోటు చూపించారు? ఇవి అడిగి, జవాబు లేని అధికారిని నిలదీసి ఉంటే ఆ ఆదేశం నగరంలోని ప్రతి బండికీ వర్తించేది. ఇప్పుడది ఒక్క బండికే వర్తిస్తుంది. పక్కన టిఫిన్లు అమ్మే మనిషికి రేపు ఇదే జరిగితే ఆయన చూపించుకోవడానికి ఏ కాగితమూ లేదు, ఏ వైరల్ వీడియో కూడా లేదు.

మా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. హక్కుగా దక్కవలసింది దయగా దక్కితే, ఇచ్చిన చెయ్యే రేపు వెనక్కి తీసుకోగలదు. ముఖం చూసి బొట్టు పెట్టే పాలనలో పేరున్నవారికి బొట్టు, పేరు లేనివారికి చలానా.

బండి వ్యాపారి రోజు ఎలా గడుస్తుందో సచివాలయంలో ఎందరికి తెలుసునో మాకు అనుమానమే. తెల్లవారక ముందే మాంసం, కూరగాయల కొనుగోలు. పది గంటలకల్లా వంట ముగించి గిన్నెలు ఆటోకెక్కించడం. పన్నెండు నుంచి మూడున్నర దాకా నిలువుకాళ్ల మీద వడ్డన. ఆ మూడున్నర గంటల గిరాకీలోంచే సరుకు బాకీ, ఆటో కిరాయి, సాయం చేసే ఇద్దరి కూలి, డైలీ ఫైనాన్స్ వాడి కిస్తీ, అడిగినవాడికల్లా మామూలు పోవాలి. ఒంటిగంటకు ఎవరో వచ్చి బండిని ట్రాక్టర్ ఎక్కిస్తే ఆ రోజు అమ్మకంతో పాటు మర్నాటి పెట్టుబడి కూడా ఆ గిన్నెల్లోనే పాడైపోతుంది. ఈ సంగతి చట్టం రాసినవారికి తెలుసు. అందుకే స్వాధీనం చేసుకున్న సరుకుకు జాబితా రాసి ఇవ్వాలనీ, పాడైపోయే సరుకును అడిగిన రోజే తిరిగి ఇవ్వాలనీ అందులో రాశారు. జాబితా చేతికిచ్చి, కూర వేడి ఆరకముందే గిన్నె తిరిగిచ్చిన మున్సిపల్ సిబ్బందిని చూసిన పాఠకులు ఎవరైనా ఉంటే మాకు రాయండి, ఆనందంగా అచ్చువేస్తాం.

వేదికలెక్కినప్పుడు మాత్రం ఏలికలందరూ ఔత్సాహిక పారిశ్రామికవేత్తల గురించే మాట్లాడతారు. ఉద్యోగం అడిగేవారు కాదు, ఇచ్చేవారు కావాలంటారు. ఆ బండి ఆమె చేసింది అదే కదా! చిన్న ఆహార వ్యాపారి కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వద్ద నమోదు కావచ్చు. వీధి విక్రయదారుల కోసం 2020లో వచ్చిన కేంద్ర పథకం పీఎం స్వనిధి కింద తొలి విడత అప్పు, అది సక్రమంగా తీరిస్తే ఆ తర్వాతి విడతల్లో ఇంకా ఎక్కువ అప్పు దొరుకుతుంది. ఫోన్‌పే స్టిక్కరు ఎలాగూ ఉంటుంది. నమోదు ఉంది, అప్పు ఉంది, క్యూఆర్ కోడ్ ఉంది, బండి నిలబెట్టడానికి ఆరడుగుల నేల లేదు. విక్రయదారుడని గుర్తించి అప్పు ఇప్పించేది ఏ మున్సిపాలిటీయో, ఆక్రమణదారుడని బండి ఎత్తుకుపోయేదీ అదే మున్సిపాలిటీ. దీన్ని ద్వంద్వ నీతి అనక ఏమనాలి?

ట్రాఫిక్ మాటే నిజమైతే ఇంకొకటి కూడా అడగాలి. సెల్లార్‌లో వంటగది కట్టుకుని, వచ్చినవారి కార్లను వాలెట్ పార్కింగ్ పేరుతో రోడ్డు మీదే నిలబెట్టే హోటళ్ల జోలికి ఇదే వేగంతో ఎవరైనా వెళ్లారా? చక్రాలున్న వ్యాపారం మీదికే చట్టం పరుగెత్తడం ఈ నగరంలో కొత్త కాదు. రెండు రాష్ట్రాల పార్టీలూ ఆ బండి పక్కన నిలబడి తమ రాజకీయం వడ్డించుకున్నాయి గానీ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

చేయవలసింది కొత్తగా కనిపెట్టనక్కరలేదు, ఆ చట్టంలోనే ఉంది. మున్సిపల్ కమిషనర్ అధ్యక్షతన పట్టణ విక్రయ కమిటీ ఉండాలి. అందులో 40 శాతానికి తగ్గకుండా విక్రయదారులు ఎన్నికై రావాలి, వారిలో మూడోవంతు మహిళలుండాలి. జనాభాలో రెండున్నర శాతం మేరకు విక్రయదారులకు చోటు చూపేలా ప్రణాళిక వేయాలి. ఎక్కడ అమ్మవచ్చో, ఎక్కడ కూడదో గీత గీసి చెప్పాలి. 2014 నుంచి పుస్తకంలో ఉన్న ఈ పని చేయడానికి డీజీపీతో అవసరం లేదు, కమిషనర్‌కు ఒక్క ఫోన్ చాలు.

తీరిక చేసుకుని ఆ బండి దగ్గరికి తానే వస్తానని ముఖ్యమంత్రి అన్నారట. రావచ్చు. ఆ పూట ఆయన కాన్వాయ్ కోసం ఆ రోడ్డు మీద వాహనాలు ఆపేది ఇదే ట్రాఫిక్ పోలీసులు. ఆ ముచ్చట తీరేలోపు పట్టణ విక్రయ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో ఫైలు తెప్పించుకుని చూడాలి. అది చూడకుండా ప్లేటు ముందు కూర్చుంటే ఆయన వెళ్లింది ఫొటోకే అనుకుంటాం.