నలభై ఎంబీల నోటీసు సిరోంచకు ఎప్పుడు చేరుతుంది?

2013 నాటి భూసేకరణ చట్టంలో 11వ సెక్షన్ స్పష్టంగానే ఉంది. ఎవరి భూమి పోబోతోందో చెప్పే తొలి ప్రకటనను గెజిట్‌లో వేయాలి, రెండు దినపత్రికల్లో వేయాలి, పంచాయతీలో స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోకి ఎక్కించాలి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి 15వ సెక్షన్ ఇచ్చిన గడువు 60 రోజులు. ఆ లెక్క ప్రకటన వెలువడిన రోజు నుంచి మొదలవుతుంది. వెబ్‌సైట్‌లో పెట్టిన ఆ నలభై ఎంబీల పీడీఎఫ్ రైతు ఫోన్‌లో ఎప్పుడు తెరుచుకుందన్నది ఎవరి లెక్కలోకీ రాదు.

సిరోంచ లాంటి చోట ఇది చిన్న సంగతి కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి ఎదురుగా ఉన్న తాలూకా అది. ఇంట్లో మాట తెలుగు, ఆఫీసులో కాగితం మరాఠీ. మేడిగడ్డ బ్యారేజీ వెనక నిలిచిన నీళ్లు, 2022 జూలైలో ముంచెత్తిన వరద, ఆ తర్వాత ముంపు, పరిహారం, సర్వే నంబర్ల గొడవలు... కొన్నేళ్లుగా అక్కడి రైతుకు కాగితాలతో పని పెరిగిందే గానీ తగ్గలేదు. జిల్లా కేంద్రం చూస్తే రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అంటే అంకీసలోనో అసరెల్లిలోనో ఉన్నవాడికి అన్నిటికంటే దగ్గరి కలెక్టరాఫీసు చేతిలోని ఫోనే. ఆ ఆఫీసు తలుపు ఎంత తొందరగా తెరుచుకుంటుందన్నది, లోపల పెట్టిన ఫైలు బరువును బట్టి ఉంటుంది.

ఫైలు ఓపెన్ కాకపోతే మనం వెంటనే టవర్‌ను తిడతాం. ఫైవ్‌జీ వచ్చేస్తే అన్నీ సర్దుకుంటాయనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. టవర్లు పెరగాల్సిందే, కాదనను. కానీ చేతిలో ఉన్న ప్యాక్ సంగతి చూడండి. మామూలు ప్రీపెయిడ్ ప్లాన్‌లో రోజువారీ డేటా అయిపోయాక వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. ఆ వేగంతో 40 ఎంబీల ఫైలు దిగడానికి గంటా ఇరవై మూడు నిమిషాలు పడుతుంది, అదీ మధ్యలో ఎక్కడా తెగకపోతే. టవర్ బాగా అందుతున్న చోట కూడా సాయంత్రం అందరూ ఒకేసారి వీడియోలు పెట్టుకుంటే ఒక్కొక్కరి వాటాకు సెకనుకు రెండు మెగాబిట్లు దక్కడం గగనం. ఆ రెండూ దక్కాయనుకున్నా అదే ఫైలుకు రెండు నిమిషాల నలభై సెకన్లు. అంతసేపు తెల్ల తెర మీద చక్రం తిరుగుతుంటే ఎవరు మాత్రం కూర్చుంటారు?

అసలు ఆ నలభై ఎంబీలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆఫీసులో నోటీసు పుట్టేది కంప్యూటర్‌లోనే. ఆపరేటర్ టైపు చేస్తాడు. ఆ క్షణాన అది వట్టి అక్షరాలు. మన లిపులు ఏవైనా యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి కాబట్టి, నిండుగా ఉన్న పేజీకి ఆరు కేబీలు, మహా అయితే ఏడు. నలభై పేజీలున్నా మూడు వందల కేబీల లోపే. తర్వాత దాన్ని ప్రింటు తీస్తారు. సాహెబు సంతకం పెడతారు, స్టాంపు పడుతుంది. సంతకం ఉన్నదే అసలు కాగితం కనుక దాన్ని తీసుకెళ్లి స్కానర్ మీద పెడతారు. స్కానర్ ఎప్పుడో ఎవరో పెట్టిన సెట్టింగ్‌లోనే ఉంటుంది: కలర్, 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు. ఏ4 కాగితం ఆ సెట్టింగ్‌లో దాదాపు 87 లక్షల చుక్కలు అవుతుంది. ఒక్కో చుక్క రంగుకు మూడు బైట్ల చొప్పున పేజీకి 26 ఎంబీలు. జేపెగ్ కుదింపు పుణ్యమా అని అది ఒక ఎంబీ దగ్గరికి దిగుతుంది. నలభై పేజీలు, నలభై ఎంబీలు. నల్ల అక్షరాలు, తెల్ల కాగితం, కింద నీలి సంతకం. ఆ సంతకం ఒక్కదాని కోసం మిగతా ముప్పై తొమ్మిది పేజీల తెల్లదనాన్ని కూడా రంగుల్లో మోస్తున్నామన్నమాట.

అదే స్కానర్‌లో నలుపు-తెలుపు అని ఒక్క బొత్తాం మారిస్తే, ఫ్యాక్స్ కాలం నుంచీ ఉన్న గ్రూప్-4 కుదింపుతో పేజీ యాభై నుంచి వంద కేబీల మధ్య సర్దుకుంటుంది. నలభై పేజీలకు నాలుగు ఎంబీలు దాటదు. సంతకం పేజీని మాత్రం రంగులో ఉంచుకోవచ్చు, ఎవరూ వద్దనరు. ఇంకో పని పీడీఎఫ్‌ను లీనియరైజ్ చేయడం. అడోబీ సాఫ్ట్‌వేర్‌లో దీన్నే ఫాస్ట్ వెబ్ వ్యూ అంటారు. మొదటి పేజీకి కావలసిన సరంజామా అంతా ఫైలు ముందు భాగంలోకి జరుగుతుంది. సర్వర్ ఫైలును ముక్కలుగా పంపగలిగేదైతే, మిగతాది దిగుతుండగానే మొదటి పేజీ తెర మీదికి వస్తుంది. క్యూపీడీఎఫ్ అనే ఉచిత పరికరంతో ఒక్క ఆదేశం చాలు. కంప్యూటర్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లలో దీని ఫలితం బాగా కనిపిస్తుంది. ఫోన్లలో చాలావరకు ఫైలు మొత్తం దిగాకే తెరుచుకుంటుంది కాబట్టి దీని మీదే ఆశ పెట్టుకోకూడదు. అక్కడ పనికొచ్చేది బరువు తగ్గించడమే. నా మటుకు నేను ఇంకో పాత పద్ధతినే నమ్ముతాను: నలభై పేజీల జాబితాను గ్రామాల వారీగా విడగొట్టి పెట్టడం. అంకీస రైతుకు అంకీస పేజీ చాలు. తాలూకా మొత్తం జాబితా అతని నెత్తిన ఎందుకు?

బరువు ఒక ఎత్తు, భాష ఇంకో ఎత్తు. సరిహద్దు తెలుగువాళ్ల విషయంలో నాకు రెండోదే పెద్దదిగా కనిపిస్తుంది. మహారాష్ట్ర వైపైతే నోటీసు మరాఠీలో, ఒడిశా వైపైతే ఒడియాలో ఉంటుంది. ఒడియా చదివే పిల్లలు ఇంట్లో ఉంటే సరే, లేకపోతే ఇవాళ చేతిలో ఉన్న దారి ఫోన్ అనువాదమే. అక్షరాలు అక్షరాలుగా ఉంటే కాపీ చేసి అతికించగానే తెలుగులో ఎంతో కొంత అర్థమవుతుంది. స్కాన్ చేసిన బొమ్మలో కాపీ చేయడానికి ఏమీ ఉండదు. పేరు వెతకడానికీ వీలుండదు. నాలుగు వందల పేర్లలో తన పేరు కోసం వేలితో తెరను పైకి తోసుకుంటూ పోవాల్సిందే. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లదీ ఇదే కథ. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి.

ఇందులో మరీ ఇరుక్కున్నవాళ్లు రెండు రాష్ట్రాల మధ్య ఉన్న ఊళ్లవాళ్లు. చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాకూ, మన తెలంగాణలోని కెరమెరి మండలానికీ నడుమ ఉన్న పరందోళి, ముకుదంగూడ లాంటి గ్రామాలు రెండు ప్రభుత్వాలవీ. ఒడిశా కోరాపుట్‌కూ, ఆంధ్రలోని సాలూరు వైపుకూ మధ్య కొటియా గ్రామాలదీ అదే పరిస్థితి. రెండు సర్కార్ల పథకాలు, రెండు జాబితాలు, రెండు వెబ్‌సైట్లు, రెండు లిపులు. ఒక చోట తెలుగులో, ఇంకో చోట మరాఠీలో లేదా ఒడియాలో. రెండూ బొమ్మలే అయితే, ఒక జాబితాలో ఉన్న పేరు రెండోదాంట్లో ఉందో లేదో పోల్చి చూసుకోవడం ఎవరి తరం?

స్కాన్ తప్పనిసరి అయినప్పుడు కూడా దారి లేకపోలేదు. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు, మరాఠీ, ఒడియా మూడూ వచ్చు. బొమ్మను అలాగే ఉంచి, దాని వెనక కనిపించని అక్షరాల పొరను అది అతికిస్తుంది. మన లిపుల వొత్తుల దగ్గర తప్పులు చేస్తుంది, పేర్లను పూర్తిగా దాని మీద వదిలేయలేం. వెతుక్కోవడానికి మాత్రం పనికొస్తుంది. ఇంతకంటే మేలైనది, ఆపరేటర్ దగ్గర మొదటే ఉన్న టైపు ఫైలును మామూలు వెబ్ పేజీగా పెట్టి, సంతకం ఉన్న స్కాన్‌ను పక్కన ఇంకో లింకుగా ఇవ్వడం. స్కాన్ లేకపోతే చెల్లదనే వాదనకు మహారాష్ట్రలోనే జవాబుంది. రైతులు సాత్‌బారా అని పిలుచుకునే 7/12 పత్రం డిజిటల్ సంతకంతో ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. ఎవరూ దాన్ని ప్రింటు తీసి సిరా సంతకం పెట్టి మళ్లీ స్కాన్ చేయడం లేదు.

సైజు తగ్గించమనగానే కొందరు మరీ అత్యుత్సాహం చూపిస్తారు. నెట్‌లో దొరికిన ఏదో సైట్‌లో పడేసి 72 డీపీఐకి దించేస్తారు. ఇంగ్లీషు అక్షరం ఎలాగో నిలబడుతుంది గానీ తెలుగు వొత్తు, ఒడియా అక్షరం నెత్తి మీది గుండ్రం, సర్వే నంబర్‌లోని గీత ముద్ద అయిపోతాయి. ఫోన్‌లో చదువుకోవడానికి 150 డీపీఐకి తక్కువ పోకూడదు. సన్నని పట్టికలకు 200 ఉంటే నయం. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ నిపుణుడు బయటపెట్టిన సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రంలో ఒక ఇంటి ప్లాన్‌ను స్కాన్ చేస్తే, 21.11 చదరపు మీటర్ల గది కాపీలో 14.13 అయి కూర్చుంది. మసక కాదు, చెరుపు కాదు, శుభ్రంగా అచ్చయిన తప్పు అంకె. జేబిగ్2 అనే కుదింపు పద్ధతి ఒకేలా కనిపించిన ముక్కలను ఒకే ముక్కగా లెక్కగట్టి ఒకదాని చోట ఇంకోదాన్ని అతికించడం వల్ల జరిగిందది. ఆ కంపెనీ తర్వాత సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. సిరోంచలో హెక్టార్లూ ఆర్‌లూ, ఒడిశాలోని గజపతి జిల్లాలో ఎకరాలూ డెసిమళ్లూ రాసే పట్టికలో ఆరు ఎనిమిదైతే ఏమవుతుందో వేరే చెప్పాలా? భూమి కాగితాలకు అక్షరాలను పోల్చి మార్చే ఆ రకం కుదింపు వాడనే కూడదు. గ్రూప్-4 అలాంటి పని చేయదు, ఉన్న చుక్కను ఉన్నట్టే ఉంచుతుంది.

వీడియోల సంగతి కొంచెం వేరు. ఇక్కడ ఎక్కువ బాధ్యత ప్రభుత్వానిది కాదు, మనవాళ్లదే. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో ఫోన్ పట్టుకుని గ్రీవెన్స్‌కు, గ్రామసభకు వెళ్లి తెలుగులో వార్త చెప్పే కుర్రాళ్లున్నారు. పెద్ద చానళ్లు రాని చోటికి వాళ్లు వెళ్తారు. ఫోన్ మాత్రం ఫుల్ హెచ్‌డీలో తీస్తుంది. హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో నిమిషానికి దాదాపు 130 ఎంబీలు, మూడు నిమిషాల క్లిప్ నాలుగు వందలకు దగ్గర. దాన్ని 480పీకి దించి, సెకనుకు వీడియోకు 700 కిలోబిట్లు, మాటకు 64 కిలోబిట్లు ఇస్తే 17 ఎంబీలు చాలు. ఆరంగుళాల తెర మీద మనిషి మాట్లాడుతుంటే తేడా పోల్చడం కష్టం. క్లిప్‌లో బోర్డో కాగితమో చూపించాల్సి వస్తే దాన్ని 480పీలో చదవలేం కనుక, ఆ ఒక్కటీ ఫొటో తీసి వార్తలో విడిగా పెట్టడం మేలు.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది. ఎంపీ4 ఫైలులో ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే సూచిక ఒకటి ఉంటుంది. పేరు మూవ్ ఆటమ్. రికార్డింగ్ ఆపాక గానీ మొత్తం ఎంతో తెలియదు కాబట్టి కెమెరా దాన్ని ఫైలు చివర రాస్తుంది. బ్రౌజర్‌కు ముందుగా కావలసింది మాత్రం అదే. సర్వర్ ఒప్పుకుంటే చివరికి వెళ్లి తెచ్చుకుంటుంది, లేకపోతే ఫైలంతా దిగేదాకా బొమ్మ కదలదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో పరికరంలో ఫాస్ట్‌స్టార్ట్ అనే ఆప్షన్ ఇస్తే ఆ సూచిక ముందుకొస్తుంది. నాణ్యత పోదు, మళ్లీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు, కొన్ని సెకన్ల పని. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లోనైతే వెబ్ ఆప్టిమైజ్డ్ అనే గడిలో టిక్కు పెడితే సరి. కొత్త ఫోన్లు హెచ్ఈవీసీ అనే కొత్త కుదింపు పద్ధతిలో తీసిన క్లిప్‌ను అలాగే ఎక్కించేస్తే పాత ఫోన్లలో మాట వినిపించి బొమ్మ రాదు. హెచ్.264లోకి మార్చి పెట్టడం ఇప్పటికీ క్షేమం. ఇక వాట్సాప్ గ్రూపుల్లో నాలుగు చేతులు మారి వచ్చిన క్లిప్‌ను వెబ్‌సైట్‌లో పెట్టేవాళ్లకు ఒక్క మాట: ప్రతి చేతిలోనూ అది మళ్లీ నలిగింది. తీసినవాడినే అడిగి, డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

పేజీ తెరవగానే వీడియో దానంతటదే ఆడటం మాత్రం నాకు మింగుడుపడదు. చూసేవాడి డేటాను అడక్కుండా ఖర్చు చేయడమే అది. యాభై కేబీల బొమ్మ ఒకటి పెట్టి, వేలు పెడితేనే వీడియో మొదలయ్యేలా చేయడం కష్టమేమీ కాదు. పక్కనే నిడివి, సైజు, అందులో ఏముందో నాలుగు వాక్యాలు ఉంటే, నెట్ లేనివాడు వాటితోనే సరిపెట్టుకుంటాడు. చిన్న పోర్టళ్లు వీడియోలను యూట్యూబ్‌లో పెట్టడమే తెలివైన పని. చూసేవాడి వేగాన్ని బట్టి నాణ్యతను తగ్గించి పెంచే ఏర్పాటు అక్కడ ఉచితంగా వస్తుంది. కానీ ఒకే పేజీలో పది యూట్యూబ్ గడులు అతికిస్తే, ఒక్కటీ నొక్కకముందే ఆ గడులే వందల కేబీలు మింగేస్తాయి.

కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ 2005 నుంచీ ఉంది: ప్రజలకు ఇచ్చే సమాచారం స్థానిక భాషను, ఆ ప్రాంతంలో బాగా చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకుని ఇవ్వాలని అందులోనే రాశారు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లో మార్గదర్శకాలు వచ్చాయి, 2023లో మూడో కూర్పు కూడా వచ్చింది. ఫైలు పక్కన సైజు రాయమని చెబుతాయవి. సైజు రాస్తున్నారు కూడా. 40 ఎంబీ అని నిజాయితీగా రాసి పెడుతున్నారు.

ఇదే ప్రభుత్వం, ఉద్యోగానికి దరఖాస్తు చేసే కుర్రాడి దగ్గర ఎంత కచ్చితంగా ఉంటుందో చూడండి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సంతకం బొమ్మ 10 నుంచి 20 కేబీల మధ్య ఉండాలంటుంది. ఒక్క కేబీ ఎక్కువైనా తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయి, దరఖాస్తు ముందుకు కదలదు. సిరోంచ బజారులోనైనా, పర్లాకిమిడి బస్టాండు దగ్గరైనా నెట్ సెంటర్‌కు వెళ్లి పది, ఇరవై ఇచ్చి ఆ బొమ్మ సైజు తగ్గించుకొస్తారు పిల్లలు. సైజు చూసి ఆపేసే ఆ గడి రాయడం వచ్చినవాళ్లకు, అధికారి అప్‌లోడ్ చేసే పేజీలోనూ అలాంటి గడి ఒకటి రాయడం రాదా? అలాంటి గడి ఉంటే ఐదు ఎంబీలు దాటిన పీడీఎఫ్‌ను తీసుకోదు. లోపల ఎంచుకోదగ్గ అక్షరాలు లేకపోతే తీసుకోదు. ఎంపీ4 సూచిక చివర ఉంటే తనే ముందుకు జరుపుకుంటుంది. తాలూకా ఆఫీసులో ఆపరేటర్‌కు మొదటి వారం చిరాకు తెప్పిస్తుంది, తర్వాత స్కానర్ సెట్టింగ్ మారుతుంది.