ఫారంలో ఆ గడి తీసేయండి

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. చెన్నైలో మన తెలుగువాళ్ల సంఘం మాత్రం రెండు బస్సుల నిండా జనాన్ని ఎక్కించి, ముట్టుకాడు దాటించి, ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన తోటలో దించి, గారెలూ కోడికూరా పెట్టి పదిన్నరకల్లా ఉప్పుటేటి గట్టు మీద నిలబెట్టారు. వచ్చినవాళ్లకి తెలుసు, రానివాళ్లు గ్రూపులో ఫోటోలు చూసే ఉంటారు. ముగ్గులు, గాలిపటాలు ఏటా ఉండేవే. ఈసారి కొత్తగా గాలం పోటీ పెట్టారు. ఎవరికి తట్టిందో గానీ మంచి ఆలోచన. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇక్కణ్నుంచి రాసేది కార్యవర్గంలో కొందరికి నచ్చదు.

పోటీకి ఒక ఫారం ఇచ్చారు. పేరు, వయసు, సొంతూరు, వాటి కింద 'రాడ్ బ్రాండ్' అని ఒక గడి, అంటే గాలం కర్ర ఏ కంపెనీదో రాయాలన్నమాట.

మా మామయ్యకి 74 ఏళ్లు. తడ దగ్గర పులికాట్ ఒడ్డున పుట్టి పెరిగినవాడు, అత్తయ్య పోయాక కొళత్తూర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. గాలం పోటీ అనగానే ఎక్కడ సంపాదించాడో ఒక వెదురు కర్ర సంపాదించి, పాత పంచెలో చుట్టుకుని బస్సెక్కాడు. నైలాను దారం, ముల్లుకి మూరెడు పైన బెండుకి బదులు తెగిపోయిన హవాయి చెప్పులోంచి గుండ్రంగా కోసిన నీలం ముక్క. ఫారం నా చేతికిచ్చి, "ఈడ ఏం రాయాలబ్బయ్యా?" అని అడిగాడు. వెనకాల ఇరవై మంది లైన్లో ఉన్నారు. నేను గబగబా 'లోకల్' అని రాసి ఇచ్చేశాను.

ఆ తర్వాత మైకు పట్టుకున్నాయన ఒక్కొక్కరి పేరూ, సొంతూరూ, బ్రాండూ చదవడం మొదలుపెట్టాడు. గుంటూరు, షిమానో! చప్పట్లు. కాకినాడ, డైవా! చప్పట్లు. ఒంగోలు ఆయన సెయింట్ క్రోయ్ అంటే ఈల కూడా వేశారెవరో. మామయ్య వంతు వచ్చింది. "తడ... లోకల్!" అని ఆ 'లోకల్'ని సాగదీశాడు. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, పిక్నిక్ నవ్వే. నేనూ నవ్వాను. సంక్రాంతి వెళ్లి ఇన్నాళ్లయినా ఆ నవ్వు దగ్గర నాకు ముల్లు దిగబడినట్టే ఉంది.

రెండు గంటల పోటీలో బ్రాండు రాడ్లన్నీ కలిపి పట్టినవి మూడు జెల్లలు, ఒక ప్లాస్టిక్ సంచి. మామయ్య గట్టు చివర మడచెట్ల నీడకి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. రొయ్య ముక్క గుచ్చి, దాని మీద ఉమ్మేసి (మా అమ్మ చూసుంటే తిట్టేది) నీళ్లలోకి జారవిడిచాడు, విసరను కూడా లేదు. అరగంటలో మూడు జిలేబీలు పడ్డాయి, అంటే తిలాపియాలు, ఇక్కడ వాటిని అలాగే అంటారు కదా. తర్వాత చేతెడు పండుగప్ప పిల్ల పడింది. ఈ మూలకి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ముల్లు తీసేటప్పుడు దాని చెంప రేకు వైపు వేలు పోనివ్వకుండా కింది దవడ పట్టుకుని తీశాడు. ఆ రేకు అంచు బ్లేడులా ఉంటుంది, వేలే కాదు దారం కూడా తెగుతుంది. తీసి, మళ్లీ నీళ్లలో వదిలేశాడు. చుట్టూ మూగిన పిల్లలు గోల పెడితే, "ఇంకా పసిదిరా" అన్నాడు. పండుగప్ప ముందు మగచేపగా ఎదిగి, పెద్దయ్యాక ఆడదవుతుంది. చిన్నవాటినే పట్టేసుకుంటూ పోతే గుడ్లు పెట్టే చేప మిగలదు. ఆయన అది ఏ పుస్తకంలోనూ చదవలేదు.

బహుమతుల దగ్గర 'ఉత్తమ గేర్' అని ఒక షీల్డు, ఒక శాలువా. అవి దక్కిన రాడ్డుకి కార్క్ పిడి మీద ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది.

నాకు రాడ్ల మీద కోపం లేదు. నా దగ్గరే మూడున్నాయి, ఇంట్లో వాటి ఖరీదు సగమే చెప్పాను. మొదటిది డాలస్‌లో ఉండే మా బావమరిది తెచ్చిచ్చిన అగ్లీ స్టిక్. అక్కడ వాళ్లు శనివారాలు లేక్ ఫోర్క్‌కి లార్జ్‌మౌత్ బాస్ కోసం వెళ్తారు. ఆ బాస్ మంచినీటి చేప, మన సీ బాస్ అనే పండుగప్పకీ దానికీ పేరులోనే చుట్టరికం. కానీ రెండూ చెట్టు మొద్దుల పక్కన పొంచి ఉండి దాటేదాని మీద దూకే రకాలు, కాబట్టి ఆ రాడ్డు ఇక్కడా పనికొస్తుంది. అగ్లీ స్టిక్ 1976 నుంచి ఉంది, ఫైబర్‌గ్లాసూ గ్రాఫైటూ (అంటే కార్బన్ పీచు) కలిపి చేస్తారు. బరువే, చిన్న చేప ముట్టుకుంటే సరిగా తెలియదు కూడా. కానీ పిల్లలు తొక్కినా ఏమీ కాదు. పైగా పండుగప్ప గాల్లోకి లేచి తల విదిలించినప్పుడు మెత్తగా వంగే కర్ర ఉంటేనే ముల్లు ఊడదు.

రెండోది పూర్తి గ్రాఫైట్, ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే కారు డోరులో పెట్టి దాని కొన విరగ్గొట్టింది నేనే. గ్రాఫైట్ బిగువు పెరిగేకొద్దీ తేలికవుతుంది, కొన దగ్గర చిటుక్కుమన్నా అరచేతికి తెలుస్తుంది, కానీ చిన్న గాటు పడితే చాలు, ఆ తర్వాత ఎప్పుడో ఒకనాడు అక్కడే పుటుక్కుమంటుంది. ఆ బిగువునే ఇన్ని టన్నుల కార్బన్ అని ఒక్కో కంపెనీ ఒక్కో లెక్కలో రాస్తుంది, ఒకరి 30ని ఇంకొకరి 36తో పోల్చి కొనకండి. ఇంకో మాట, గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది. ఆ తోటలో మన తలల మీదుగా వైర్లు పోతున్నాయి, ఏడడుగుల రాడ్లు పైకెత్తి ఫోటోలు దిగారు, ఎవరూ ఏమీ అనలేదు.

మూడోది షిమానో. రాడ్డు మీద ఉండే 'మీడియం హెవీ, ఫాస్ట్' అన్న రాత బ్రాండు పేరు కన్నా ముందు చదవాల్సింది. అందులో మొదటి మాట కర్రని వంచడానికి ఎంత బలం కావాలో చెబుతుంది, రెండో మాట ఎక్కడ వంగుతుందో చెబుతుంది. ఫాస్ట్ అంటే కొన దగ్గరే వంగుతుంది. మిగతా గొప్పలన్నీ ఆ తర్వాతే. అసలు ఈ పేర్ల పుట్టుక చూస్తే నవ్వొస్తుంది. 1921లో జపాన్‌లో షిమానో పుట్టింది సైకిల్ భాగాల కోసం, అదే ఏడాది స్వీడన్‌లో అబు అనే ఇంకో గాలాల కంపెనీ పుట్టింది గడియారాల కోసం. చేపలు తర్వాతే వచ్చాయి. ఖరీదైన రాడ్లకి పేరుపడ్డ జి. లూమిస్‌ని 1997లో షిమానోయే కొనేసింది, కాబట్టి ఆ రెండు బ్రాండ్ల కోసం బస్సులో కొట్టుకున్న మన మిత్రులిద్దరూ ఒకే ఇంటి వాళ్లు.

తిరుగు ప్రయాణానికి ముందు నా షిమానో మామయ్య చేతిలో పెట్టాను. నాలుగుసార్లు విసిరి, దారం చూపుడువేలి మీద ఆనించి, కాసేపు కళ్లు మూసుకున్నాడు. "కర్ర బాగుందబ్బయ్యా, అడుగున ఇసకో, రాయో కూడా తెలస్తా ఉండాది" అన్నాడు. అదే నిజం. మంచి రాడ్డు మంచి రాడ్డే, వెదురు కన్నా అన్ని విధాలా మేలే. ఇంతకంటే నిష్పక్షపాతంగా నేను చెప్పలేను.

కానీ మనూళ్లలో గాలం పట్టుకున్నవాణ్ని ఏమనేవాళ్లమో గుర్తుందా? మా అమ్మయితే నా గాలం విరిచి పొయ్యిలో పెట్టింది, "చదువు మానేసి బెస్తోళ్లలాగా గట్లెంబడి తిరుగుతావా" అని. ఆ మాటలో ఎంత విషం ఉందో అప్పుడు తెలియలేదు. మన పళ్లెంలోకి చేప తెచ్చిపెట్టే మనుషుల పేరే మనకి తిట్టు. అక్కడ కర్ర పట్టుకుంటే పనీపాటా లేనివాడు, ఇక్కడ వేలు పోసి కొంటే యాంగ్లర్. చెన్నై వచ్చి పాతికేళ్లయినా ఆ బుద్ధి మాత్రం మనతోపాటు రైలెక్కి వచ్చింది. నాతో కూడా వచ్చింది, లేకపోతే ఆ గడిలో 'వెదురు' అని రాయడానికి నాకు చెయ్యెందుకు రాలేదు?

ఉగాది ముందు కార్యవర్గం కూర్చుంటుందని విన్నాను. వచ్చే కనుమకి ఫారంలో ఆ గడి తీసేయండి. 'ఉత్తమ గేర్' షీల్డూ వద్దు. ఏటా శాలువాలకీ మెమెంటోలకీ పెట్టే డబ్బులో కొంత తీసి, ఆరున్నర అడుగుల మీడియం రాడ్లు రీళ్లతో సహా ఓ ఆరు కొని సంఘం గదిలో వంట గిన్నెల పక్కన పెట్టండి. ఫైబర్‌గ్లాస్ కలిసినవైతే చాలు, పిల్లల చేతుల్లో బతుకుతాయి. ఉప్పునీటి నుంచి తేగానే మంచినీళ్లతో కడగాలి, లేదంటే దారం పోయే రింగులు తుప్పు పట్టిపోతాయి. ఆ కడిగే పని నాది. మన సభ్యుల ఇళ్లలో టీవీ ముందు కూర్చుని ఉన్న తడ, సూళ్లూరుపేట, మచిలీపట్నం పెద్దవాళ్లని పిలిచి ఒక్కొక్కరికి ఇద్దరు పిల్లల్ని అప్పజెప్పండి. మైకులో మాత్రం పేరూ, ఊరూ చదివి ఆపేయండి.

మామయ్యని అడిగాను, వస్తానన్నాడు. చెప్పులు మాత్రం పాతవి కావాలట, కొత్తవాటి ముక్క సరిగా తేలదట.