జెర్బరా లెక్కలో ఆషాఢం ఏదండీ?
అరెకరం పాలీహౌస్‌లో (ప్లాస్టిక్ షీటు కప్పిన పందిరిలో) జెర్బరా, అదే పెళ్లి అలంకరణల్లో వాడే రంగురంగుల పెద్ద పూలు, వేస్తే నెలనెలా జీతంలా డబ్బు అని మీ వ్యాసంలో రాశారు. నెలనెలా పూలొస్తాయి, అది నిజమే. డబ్బే అలా రాదు. మాది బెంగళూరు దగ్గర దొడ్డబళ్లాపురం పక్కన, ఆరేళ్లుగా ఇదే పని. చదరపు మీటరుకు 6 మొక్కల లెక్కన అరెకరానికి దాదాపు 12 వేలు పడతాయి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, ధర పడిపోతుంది. మొక్కకి ఆ సంగతి తెలీదు కదా, పూస్తూనే ఉంటుంది. కోస్తే కూలి గిట్టదు, వదిలేస్తే పూలు చెట్టు మీదే ముదిరిపోతాయి.

ఇంకోటి, ఫోటోలో కత్తెరతో కోస్తున్నారు. జెర్బరాని అలా కోయరు. కాడను మొదట్లో పట్టుకుని పక్కకి వంచి లాగేయాలి. కత్తిరిస్తే మిగిలిన మోడు కుళ్లి, తెగులు మొక్కలోకి దిగుతుంది. పూవు నడిమి బొట్టులో ఉండే చిట్టి పూలలో బయటి రెండు వరుసలు విచ్చుకున్నాకే తీయాలి. తొందరపడితే బకెట్లో పెట్టిన మర్నాటికే మెడ వాల్చేస్తుంది.

నాటేటప్పుడు మొక్క మొదలు మట్టిలో పూడిపోకూడదని కూడా రాయాల్సింది. మొదటి ఏడు మా కూలీలు వంకాయ నారులా లోతుగా పెట్టేశారు, 300 మొక్కలు కుళ్లిపోయాయి. తప్పు నాదే, దగ్గరుండి చూసుకోలేదు.

అమ్మకం గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, అసలు టెన్షన్ అంతా అక్కడే. బెంగళూరు హెబ్బాళలో జరిగే పూల వేలంలో ధర పైనుంచి కిందికి దిగుతుంది, ముందు బటన్ నొక్కినవాడిదే సరుకు. రేటు కళ్లముందే కనబడుతుంది. అది కాదని ఒక ఏజెంటును నమ్మి ఇచ్చాను. నాకు రావాల్సిన 70 వేలకి రెండేళ్లుగా "వచ్చే వారం అన్నా" అంటున్నాడు.