రొయ్య, గంజాయి, పెళ్లి నోటీసు: విశాఖలో లిబర్టేరియన్ లెక్క

ఉక్కు ఫ్యాక్టరీలో నూరు శాతం వాటా అమ్మడానికి కేంద్రం 2021 జనవరిలో సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక విశాఖలో వాదన రెండు వైపులా బిగుసుకుంది. అమ్మేయమన్నవారిలో చాలామంది మార్కెట్ స్వేచ్ఛ అంటారు గానీ మతాంతర వివాహం మాట వచ్చేసరికి పోలీసులు ఏం చేస్తున్నారని అడుగుతారు. అమ్మొద్దన్నవారు పెళ్లి పిల్లల ఇష్టమంటారు, రొయ్య ధర మాత్రం ప్రభుత్వమే నిర్ణయించాలంటారు. లిబర్టేరియన్, అంటే అన్ని విషయాల్లోనూ వ్యక్తి స్వేచ్ఛే ముఖ్యమనేవాడు, ఈ రెండు సగాలనూ ఒప్పుకోడు. ఇంకొకరి ఒంటి మీదా ఆస్తి మీదా చెయ్యి పడనంతవరకు ఇంట్లోనైనా, బజార్లోనైనా, సరిహద్దు అవతలైనా సర్కారుకు పనేమిటన్నది అతని ప్రశ్న.

అమెరికాలో 1971లో ఈ పేరుతో పార్టీయే పుట్టింది. అధ్యక్ష ఎన్నికల్లో దానికి దక్కిన అత్యధికం 2016లో వచ్చిన మూడు శాతం పైచిలుకు ఓట్లు. మన దేశంలో ఆ దారికి దగ్గరగా వచ్చింది 1959 నాటి స్వతంత్ర పార్టీ. నిడుబ్రోలు రైతునాయకుడు ఎన్.జి. రంగా దానికి అధ్యక్షుడు. పార్టీ పెట్టిన రాజాజీ మాత్రం 1937లో సేలంలో మద్యనిషేధం తెచ్చిన మనిషి. అక్కడా సగమే!

పెళ్లి దగ్గర లిబర్టేరియన్ వాదనకు బలం ఎక్కువ. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద, జంటలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. అది ఆఫీసు గోడకెక్కుతుంది. ఎవరి శాశ్వత చిరునామా అయినా వేరే జిల్లాలో ఉంటే అక్కడికీ కాపీ వెళ్తుంది. 30 రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. పెడితే విచారణకు మరో 30 రోజులు. నోటీసిచ్చిన మూడు నెలల్లో పెళ్లి జరక్కపోతే కథ మళ్లీ మొదటికి. చివర్న ముగ్గురు సాక్షుల సంతకాలు.

తేడా కొట్టేది ఆ కాపీ దగ్గరే. గాజువాకలో అద్దెకుంటూ ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి ఇక్కడ నోటీసిస్తే, సంగతి శ్రీకాకుళం జిల్లాలో సొంతూరి వాళ్లకు తెలుస్తుంది. చట్టం ఒప్పుకునే అభ్యంతరాలు చూస్తే వయసు, బతికున్న మొదటి భార్యో భర్తో, నిషిద్ధ బంధుత్వం, మానసిక స్థితి. కులం లేదు, మతం లేదు. చాలావరకు కాగితాల మీద తేలిపోయే వాటికి గోడ మీద చాటింపు దేనికి? అమ్మాయీ అబ్బాయీ ఇద్దరూ హిందువులైతే, గుడిలో తాళి కట్టించుకుని రిజిస్టర్ చేయించుకోవడానికి ఈ ముందస్తు నోటీసే అక్కర్లేదు. జంట కోరితేనే ప్రచురించాలని అలహాబాద్ హైకోర్టు 2021లో చెప్పింది గానీ, మన ఆఫీసులు దానికి కట్టుబడాల్సిన పని లేదు.

అసలు పెళ్లిని సర్కారు నమోదు చేయడమే అనవసరం, అదొక ఒప్పందం అనే లిబర్టేరియన్లూ ఉన్నారు. అది గాల్లో మాట. పెన్షన్, వారసత్వం, డాక్‌యార్డు ఉద్యోగికిచ్చే క్వార్టరు, అన్నింటికీ ఆ సర్టిఫికెట్టే తేలికైన రుజువు.

గంజాయి సంగతి ఇంకా చిక్కు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం శిక్షకు ముఖ్యంగా దొరికిన సరుకు బరువునే చూస్తుంది. కిలో లోపు దొరికితే చిన్న మోతాదు, ఏడాది వరకు జైలో పదివేల వరకు జరిమానానో, లేదంటే రెండూనో. 20 కిలోలు దాటితే వాణిజ్య మోతాదు, పదేళ్లకు తగ్గని శిక్ష. బెయిలు కావాలంటే నిందితుడు నేరం చేసి ఉండడని నమ్మడానికి జడ్జికి సహేతుకమైన కారణం కనిపించాలి. చింతపల్లి, జి.మాడుగుల కొండల నుంచి కూలికి మూట మోసిన కుర్రాడు ఈ గీత ఇట్టే దాటేస్తాడు. పెట్టుబడి పెట్టినవాడు మూట ముట్టుకోడు, తూకంలోకి రాడు.

ఈ చట్టం వెనక విదేశాంగ విధానం కూడా ఉంది. 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికకు మాటిచ్చాం కాబట్టి, ఒకప్పుడు లైసెన్సు దుకాణాల్లో అమ్మిన సరుకు నేరమైంది. ఆకు మాత్రం మినహాయింపు, అందుకే ఉత్తరాదిన భంగు దొరుకుతోంది. 2020 డిసెంబరులో గంజాయిని అత్యంత కఠిన జాబితా నుంచి తీసేయడానికి వియన్నాలో జరిగిన ఐక్యరాజ్యసమితి ఓటింగులో భారత్ అనుకూలంగా చెయ్యెత్తింది. నర్సీపట్నం రోడ్డు మీద తనిఖీలో తూకం మారలేదు.

అయితే మద్యం దగ్గర లిబర్టేరియన్‌కు ఆంధ్ర ఆడవాళ్లు ఎదురు నిలుస్తారు. తాగినందుకు కాదు, కొట్టినందుకు శిక్షించండి అంటాడతను. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచిన రోజుల్లో, మొగుడు కొట్టాడని పోతే కేసు రాసుకునే స్టేషన్ ఎక్కడ? 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997కల్లా కూలిన మాటా నిజమే, నాటుసారా, ఖజానాకు చిల్లు కలిసి కూల్చాయి.

విదేశాంగంలో వాళ్ల సూత్రం పొట్టిది. అందరితో వ్యాపారం, ఎవరి గొడవలోనూ వేలు పెట్టొద్దు, ఆంక్షలు వద్దు. 2025 ఆగస్టు 27న రష్యా చమురు సాకుతో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ సూత్రం విశాఖ రేవులోనే కనిపించింది. చమురు కొన్నది రిఫైనరీలు, దెబ్బ తగిలింది రొయ్యకు. 30, 40 కౌంటు (కిలోకు అన్నే తూగే) పెద్ద రొయ్య ఎక్కువగా అమెరికాకే పోతుంది. కొనేవాడు వెనక్కి తగ్గితే కోల్డ్ స్టోరేజీలో సరుకు ఆగుతుంది గానీ చెరువులో పెంచే వెనామీ రకం రొయ్య ఆగదు. రోజూ మేత తింటుంది, ఉన్నకొద్దీ తెల్లమచ్చల వైరస్ భయం పెరుగుతుంది. దాంతో రైతు ముందే పట్టుబడి చేసి చిన్న రొయ్య రేటుకే వదిలించుకుంటాడు. ఎదురు సుంకం వేద్దామంటే లిబర్టేరియన్ ఒప్పుకోడు, అది మన కొనుగోలుదారుడి మీద పన్నేనంటాడు. రొయ్య మేత దిగుమతి సుంకాన్ని 2024 బడ్జెట్ 5 శాతానికి దించింది. అలాంటి కోతలే రైతుకు పనికొస్తాయన్న మాటతో నాకూ పేచీ లేదు.

సైనిక జోక్యం వద్దనడానికి అతను శ్రీలంకను చూపిస్తాడు. 1987-90 మధ్య అక్కడ మన సైనికులు వెయ్యి మందికి పైగా చనిపోయారు. కానీ 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ రేవు ముందరే. జలాంతర్గామి అవసరం వచ్చాక మొదలుపెట్టి కట్టేది కాదు, తూర్పు నౌకాదళం ఖర్చుకు అతని దగ్గర సరైన జవాబు లేదు.

అసలు పరీక్ష మాత్రం ఏజెన్సీ భూమి. 1/70 చట్టం (గిరిజన ప్రాంతాల భూబదిలీ నిబంధనకు 1970 నాటి సవరణ) ప్రకారం గిరిజనుడు తన పొలాన్ని గిరిజనేతరుడికి అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. నా ఆస్తి నేను అమ్ముకోకూడదా అని లిబర్టేరియన్ అడుగుతాడు. అప్పు పత్రం చదవలేనివాడు వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న చరిత్ర ఉన్నచోట, ఇష్టపడి చేసుకున్న ఒప్పందమని ఎవరు తేల్చాలి? 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టెక్కి, ప్రభుత్వం కూడా ఆ చట్టం కింద ‘వ్యక్తే’, అక్కడి భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదంది. సర్కారు చేతులు కట్టేసిన ఆ తీర్పు లిబర్టేరియన్‌కు నచ్చాలి. నచ్చితే, దాన్ని నిలబెట్టిన అమ్మకపు నిషేధాన్నీ ఒప్పుకోవాలి.