వాటాదారే తటస్థంగా ఉంటానంటే ఎలా?
షేర్ల అమ్మకం మీద ఇద్దరు ప్రైవేటువాళ్లు కోర్టుకెక్కితే ప్రభుత్వం ఎటూ మొగ్గకూడదన్న వాదన సరైనదే. మంత్రి ఒక్క ముక్క మాట్లాడినా కొనేవాళ్లకూ, అప్పిచ్చిన బ్యాంకులకూ టెన్షన్ మొదలవుతుంది. కంపెనీ తగాదాలు విచారించే ట్రిబ్యునల్ అడిగిన రికార్డులు ఇచ్చి ఊరుకోవాలి.

కానీ ప్రభుత్వమే వాటాదారైతే? మా గోదావరిఖనిలో ఎవరినడిగినా చెప్తారు, సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం అని. రేపు ఇలాంటి సంస్థలో వాటా అమ్మి, అది కోర్టుకెళ్లాక తటస్థమంటే కార్మికులను గాలికి వదిలేసినట్టే. కేంద్ర ప్రభుత్వ సంస్థగా ఉన్న హిందుస్థాన్ జింక్‌లో 26 శాతం వాటాను 2002లో కేంద్రం ప్రైవేటుకు అమ్మింది. 2021లో సుప్రీంకోర్టు మిగిలిన వాటా అమ్మకానికి ఒప్పుకుంటూనే, ఆ పాత అమ్మకంపై కేసు నమోదు చేయమని సీబీఐని ఆదేశించింది. అన్నేళ్ల తర్వాత! ధర ఎవరు కట్టారో, ఏ లెక్కన కట్టారో అమ్మకానికి ముందే జనం ముందు పెట్టాలి.